అక్షరం అక్షరంగానే, బొమ్మ ఉత్తరంలోనే



కోరాపుట్ కాఫీ అమ్మేవాళ్లు, కోట్‌పాడ్ చీరలు అమ్మేవాళ్లు, కాలేజీల పాత విద్యార్థులు, దసరాకో సంక్రాంతికో చందాలు పోగుచేసే తెలుగు సంఘాలు, వీళ్లందరికీ ఒక పని ఉమ్మడిగా ఉంది. విశాఖపట్నంలోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న తమవాళ్లకు నెలకో రెణ్నెల్లకో ఒకసారి ఇక్కడి కబుర్లు ఈమెయిల్లో పంపడం. దాన్నే న్యూస్‌లెటర్ అంటున్నాం. ఎక్కువమంది దాన్ని తయారుచేసే తీరు ఒకటే. డీటీపీ షాపుకు వెళ్లి, మాటలూ ఫోటోలూ అన్నీ కలిపి పోస్టర్ చేయించి, ఆ పోస్టర్‌ను ఒకే బొమ్మగా మెయిల్లో అతికించి పంపేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఈ పద్ధతి తలకిందులని నా వాదన. మాటలు మాటలుగానే వెళ్లాలి. ఫోటో ఒకటో రెండో చాలు, వాటిని చిన్నవి చేసి, ఎక్కడో సర్వర్లో పెట్టి లింకు ఇవ్వకుండా ఉత్తరంలోనే పొదిగి పంపాలి. ఎక్కడివాళ్లకైనా ఇది పనికొచ్చే మాటే. కానీ రాయగడ, కోరాపుట్ తెలుగువాళ్లకు ఇంకాస్త ఎక్కువ పనికొస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఉత్తరంలో బొమ్మ పొదగడమంటే ఏం జరుగుతుందో చూద్దాం. ఈమెయిల్ పుట్టినప్పుడు అది ఇంగ్లీషు అక్షరాల్ని మోయడానికి పుట్టింది. బొమ్మ సంగతి దానికి తెలీదు, తెలుగు సంగతీ తెలీదు. 1992 మార్చి 11న నథేనియల్ బోరెన్‌స్టైన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక ఫోటో, ఒక పాట జతచేసి మెయిల్ పంపాడు. ఆయనా, నెడ్ ఫ్రీడ్ అనే మరో ఇంజనీరూ కలిసి రాసిన మైమ్ అనే ప్రమాణం ఆ జూన్‌లో బయటికొచ్చింది. రాయగడ విడి జిల్లా అయింది అదే ఏడాది అక్టోబరు 2న కాబట్టి, మెయిల్లో బొమ్మకూ మన జిల్లాకూ ఒకటే ఈడు. మైమ్ చేసిన ఉపాయం చిన్నదే. బొమ్మలోని ప్రతి మూడు బైట్లనూ నాలుగు మామూలు అక్షరాలుగా మార్చేయడం. దీన్నే బేస్ 64 అంటారు. ఏ మెయిల్‌నైనా అసలు రూపంలో చూపించమని అడిగి, బొమ్మ మొదలయ్యే చోట చూడండి. ఫోటో జేపీజీ అయితే ఆ అక్షరాల గుట్ట ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది: స్లాష్, తొమ్మిది, జే, స్లాష్. మీ అమ్మాయి పెళ్లి ఫోటో అయినా, గుణుపూర్ కాలేజీ వార్షికోత్సవం ఫోటో అయినా అదే మొదలు. ఆ గుట్టకు ఒక పేరు తగిలిస్తారు, కంటెంట్ ఐడీ అని. ఉత్తరంలో ఫలానా చోట ఫలానా ఐడీ ఉన్న బొమ్మ చూపించు అని రాస్తారు. అంతే, బొమ్మ ఉత్తరంలో భాగమైపోతుంది. ఎక్కడికి ఫార్వర్డ్ చేసినా వెంటే వెళ్తుంది.

మూడుకు నాలుగు అన్నాను కనుక బరువు మూడోవంతు పెరుగుతుంది. ఈ లెక్క పట్టించుకోకపోవడం వల్లే పొదిగిన బొమ్మలకు చెడ్డపేరొచ్చింది. ఫోన్‌తో తీసిన ఫోటో మామూలుగా మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. నాలుగు మెగాబైట్ల ఫోటోను ఉన్నదున్నట్టు పొదిగితే ఐదు మెగాబైట్ల పైచిలుకు. అలాంటివి ఐదు పెడితే జీమెయిల్ పెట్టిన 25 మెగాబైట్ల హద్దుకు వచ్చేస్తాం. అదే ఫోటోను 600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గిస్తే 60, 80 కిలోబైట్లలో సరిపెట్టొచ్చు. మూడోవంతు కలుపుకున్నా 110 దాటదు. ఫోన్ తెర మీద ఈ రెంటికీ తేడా కనిపెట్టేవాళ్లు తక్కువ. ఇంకో పద్ధతి కూడా ఉంది. బొమ్మను తీసుకెళ్లి ఉత్తరం రాసే హెచ్‌టీఎంఎల్ కోడు మధ్యలోనే కుక్కేయడం. దీన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. జీమెయిల్ అలాంటి బొమ్మను చూపించనే చూపించదు. పైగా హెచ్‌టీఎంఎల్ 102 కిలోబైట్లు దాటితే మిగతా ఉత్తరాన్ని కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది.

మరి లింకు ఇచ్చే పద్ధతికి ఏమొచ్చింది అని అడగొచ్చు. పెద్ద కంపెనీలన్నీ అదే చేస్తాయి. బొమ్మ వాళ్ల సర్వర్లో ఉంటుంది, ఉత్తరంలో దాని చిరునామా ఉంటుంది, మనం తెరిచినప్పుడు తెచ్చుకుంటుంది. ఉత్తరం తేలిగ్గా ఉంటుంది, నిజమే. కానీ అందులో చదివే మనిషి ఎప్పుడూ సిగ్నల్లోనే ఉంటాడన్న నమ్మకం దాగుంది. రాయగడ స్టేషన్లో రైలెక్కి కోరాపుట్ వైపు వెళ్లేవాళ్లకు ఆ నమ్మకం ఎంతదాకా నిలబడుతుందో తెలుసు. టికిరి, లక్ష్మీపూర్ రోడ్ దాటేలోగా సొరంగాలూ లోయలూ ఎన్ని వస్తాయో, ఫోన్లో గీతలు ఎన్నిసార్లు మాయమవుతాయో చెప్పక్కర్లేదు. ఉత్తరం మొత్తాన్నీ ముందే దించుకునే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు పొదిగిన బొమ్మ సొరంగంలో కూడా కనిపిస్తుంది. లింకు బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ చదరం ఉంటుంది. సిగ్నల్ బాగున్న ఆఫీసుల్లోనూ ఇబ్బంది ఉంది. తెలియని చిరునామా నుంచి వచ్చిన మెయిళ్లలో బయటి బొమ్మల్ని ఔట్‌లుక్ తనంతట తాను చూపించదు, నొక్కితేనే తెస్తుంది. 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ చూపిస్తోంది కానీ, ఆ సర్వర్ బతికున్నంత కాలమే. ఒక సంఘం వెబ్‌సైటుకు డబ్బు కట్టే కార్యదర్శి మారాడనుకోండి, కొత్తాయన ఆ ఏడాది రెన్యూవల్ మరిచిపోయాడనుకోండి, పదేళ్ల ఉత్తరాల్లోని బొమ్మలన్నీ ఒక్కరాత్రిలో పోతాయి. పొదిగిన బొమ్మకు ఆ భయం లేదు. మెయిల్ ఉన్నన్నాళ్లూ అదీ ఉంటుంది.

ఇంతవరకూ బొమ్మ గురించి. అసలు తగువు అక్షరాల దగ్గరుంది. పోస్టర్ పంపినప్పుడు మాటలు కూడా బొమ్మయిపోతాయి. రెండువేల అక్షరాల తెలుగు వార్తను అక్షరాలుగా పంపితే, బేస్ 64 లాంటి ప్రయాణపు మూట కట్టినా 20 కిలోబైట్ల లోపే. దాన్నే చక్కటి రంగుల పోస్టర్‌గా పంపితే దానికి పదింతలు ఇరవయ్యింతలు. పోనీ బరువు సంగతి వదిలేద్దాం. ఏ4 కాగితానికి తగ్గట్టు పేర్చిన పోస్టర్ ఫోన్ తెరలో ఇరుక్కుంటే అక్షరం చీమంత అవుతుంది. వేళ్లతో పెద్దది చేసి, కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదవాలి. జేపీజీ అనేది ఫోటోల కోసం పుట్టింది. పదునైన అంచుల దగ్గర అది మసక రేపుతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ మసకను కాస్త తట్టుకుంటుంది. మన అక్షరానికి కింద ఒత్తు, పైన తలకట్టు, పక్కన కొమ్ము ఉంటాయి కాబట్టి, ముందు దెబ్బ తినేవి అవే. చూపు లేనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని తెలుగు వినేవాళ్లకు అక్షరాల ఉత్తరం మొత్తం చదివి వినిపిస్తుంది. పోస్టర్ వస్తే, చాలా ఫోన్లలో ఇమేజ్ అని ఒక్క మాటని ఊరుకుంటుంది. ఇది రేడియోలో మాట్లాడుతున్నాను కనుక చెప్తున్నా, బొమ్మ లేకపోయినా కబురు చేరుతుంది. మాట లేకపోతేనే చేరదు.

ఇక ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కోరాపుట్, రాయగడ సీమ మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు. అక్కడి సైన్సు కాలేజీకి ఇప్పటికీ ఆయన పేరే. రెండు భాషలూ రెండు లిపుల్లో చదివే మనుషులు అప్పట్లో ఇక్కడ వింత కాదు. ఇప్పుడు తరం మారింది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా అక్షరాలు దిద్దిన పిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారు. వాళ్లకు తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే వస్తుంది, చదవాలంటే రాదు. తెలుగు సంఘం పోస్టర్ పంపితే అది వాళ్ల నాన్నగారికే. అక్షరాలుగా పంపితే వాళ్లకు కూడా. ఎలాగంటే, 1980ల్లో మన దేశపు ప్రధాన లిపులకు కలిపి ఇస్కీ అనే ప్రమాణం తయారుచేశారు. అచ్చులూ హల్లులూ ఆ లిపులన్నిటిలోనూ ఒకే వరసలో ఉంటాయి కనుక, ప్రతి లిపిలోనూ ఒకే అక్షరానికి ఒకే స్థానం ఇచ్చారు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ ఆ వరసనే తీసుకుంది. అందువల్ల తెలుగు క సంఖ్య 3093 అయితే, ఒడియా క సంఖ్య 2837. తేడా 256. తెలుగు ఖకూ ఒడియా ఖకూ తేడా 256. మకూ మకూ 256, ళకూ ళకూ 256, పొల్లుకూ పొల్లుకూ 256. తెలుగు ఉత్తరంలోని ప్రతి అక్షరం సంఖ్యలోంచి 256 తీసేస్తే, అదే తెలుగు మాట ఒడియా లిపిలో ప్రత్యక్షమవుతుంది. భాష మారదు, లిపి మారుతుంది. కొన్ని చోట్ల అతుకు పడుతుంది. ఒడియాలో హ్రస్వమైన ఎ, ఒ లేవు, బండి ఱ లేదు. ఎకు ఏ, ఒకు ఓ, ఱకు ర వాడమని చెప్తే కంప్యూటర్ వింటుంది. కాసింత ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాడికి ఇది ఒక పూట పని. పోస్టర్ మీద ఈ లెక్క పనిచేయదు. అందులో క లేదు, 3093 లేదు, రంగు చుక్కలున్నాయి అంతే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఇప్పుడు గూగుల్ లెన్స్ లాంటివి బొమ్మలోని తెలుగును కూడా చదువుతున్నాయి కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అని. చదువుతున్నాయి, ఏడాదికేడాది మెరుగ్గానే చదువుతున్నాయి. అచ్చు పుస్తకం పేజీని బాగా చదువుతాయి. పూలదండల మీదా దీపాల మీదా రంగు అక్షరాలు అడ్డంగా పరిచిన పోస్టర్ దగ్గర తడబడతాయి. పేర్లూ తేదీలూ ఫోన్ నంబర్లూ తప్పు చదివితే ఎవరికి నష్టం? పంపే ఒక్కరు ఐదు నిమిషాలు పెట్టాల్సిన చోట, అందుకున్న 300 మందీ తలా రెండు నిమిషాలు పెట్టాలనడం మర్యాద కూడా కాదు.

అసలు పోస్టర్ అలవాటు ఊరికే రాలేదు, దానికి కారణం ఉంది. డీటీపీ షాపుల్లో చాలాకాలంగా తెలుగు కూర్చేది అను ఫాంట్ల లాంటి వాటితో. వాటిల్లో కూర్చిన మాటను తెచ్చి మెయిల్లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలూ చిహ్నాలూ వస్తాయి. చేసేదేముంది, షాపులోని అబ్బాయి బొమ్మగా మార్చి ఇచ్చాడు. ఆ రోజుల్లో అది తెలివైన పనే. 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దొరికినా, మామూలు కంప్యూటర్లోకి గౌతమి ఫాంట్ వచ్చింది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో. ఫోన్లు ఇంకా వెనకబడ్డాయి, తెలుగు బదులు డబ్బాలు చూపించేవి. ఆ డబ్బాల కాలం పోయి పదేళ్లు దాటింది. కారణం పోయినా అలవాటు మిగిలింది. ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1990ల్లో అమెరికా తెలుగువాళ్లకు ఇంతకంటే పెద్ద చిక్కు ఉండేది, మెయిల్లో తెలుగు లిపి నడిచేదే కాదు. వాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకున్నారు, కానీ ఎవరికి తోచినట్టు వాళ్లు కాదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ తయారుచేసిన పద్ధతిలో. దాన్నే ఆర్‌టీఎస్ అంటారు. ప్రతి తెలుగు అక్షరానికీ కట్టుదిట్టమైన ఇంగ్లీషు గుర్తు ఉండటం వల్ల, ఆనాడు అలా రాసిన పద్యాలూ వాదులాటలూ తర్వాత ఏ నష్టమూ లేకుండా తెలుగు లిపిలోకి వచ్చేశాయి. అదే రాతల్ని వాళ్లు కాగితం మీద రాసి స్కాన్ చేసి బొమ్మలుగా పంపుకుని ఉంటే, ఇవాళ మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాల్సి వచ్చేది.

అందం సంగతి ఏమిటంటారు? పోస్టర్‌కున్న కళ ఉత్తరానికి లేదనే మాట ఒప్పుకుంటాను. కోరాపుట్ పరబ్ ఉత్సవానికో రాయగడ చైతి ఉత్సవానికో ఆహ్వానం రంగుల్లేకుండా పంపమంటే ఎవరికీ మనసొప్పదు. పోస్టర్ వద్దని నేననడం లేదు. దాన్ని చిన్నది చేసి ఉత్తరంలో పొదగండి, కింద తేదీ, వేళ, చోటు, ఎవరెవరు వస్తున్నారన్నది అక్షరాల్లో రాయండి. ఇంకొక లాభం కూడా ఉంది. 2006 ప్రాంతంలో స్పామ్ పంపేవాళ్లు వడపోతకు దొరక్కుండా తమ ప్రకటనల్ని బొమ్మల్లో దాచి పంపడం మొదలెట్టారు. అప్పట్నుంచీ మాటల్లేకుండా ఒట్టి బొమ్మ ఉన్న మెయిల్ వడపోతల కళ్లకు అనుమానాస్పదమే. స్పామ్‌అసాసిన్ అనే వడపోతలో దానికోసమే నియమాలున్నాయి. మన చైతి ఆహ్వానం పోయి స్పామ్ ఫోల్డర్లో పడటానికి ఒక కారణం ఇదే కావచ్చు. వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకనేవాళ్లకు జవాబు పొడుగు అక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చింది సాయంత్రానికి కింద మునిగిపోతుంది. మూడేళ్ల నాటి కాఫీ ధర కావాలంటే మెయిల్లో వెతికితే దొరుకుతుంది. అది అక్షరాల్లో ఉంటేనే సుమా.

వ్యాపారం చేసేవాళ్ల అభ్యంతరం వేరు, దాన్ని తీసిపారేయలేం. లింకు బొమ్మ పెడితే ఎంతమంది తెరిచారో తెలుస్తుంది. ఒక్కొక్కరికీ ఒక్కో చిరునామాతో కంటికి కనబడని బొమ్మ పెడతారు, తెరవగానే అది సర్వర్‌ను అడుగుతుంది, లెక్కకు వస్తుంది. పొదిగిన బొమ్మ సర్వర్‌ను ఏమీ అడగదు, కనుక లెక్కా రాదు. పదిమందికి చీరలు అమ్ముకునే మనిషికి ఈ లెక్క కావాలనిపించడం సహజం. అయితే 2021లో యాపిల్ తన మెయిల్లో కొత్త రక్షణ పెట్టింది. మనిషి చూసినా చూడకపోయినా బొమ్మల్ని ముందే తెచ్చిపెట్టుకుంటుంది. దాంతో చదవనివాళ్లు కూడా చదివినట్టు లెక్కకొస్తున్నారు. బొమ్మలు ఆపేసుకున్నవాళ్లు చదివినా లెక్కకు రారు. రెండు వైపులా తప్పే చెప్పే కొలత కోసం, పాఠకుడు ఎప్పుడు ఏం చదివాడో చాటుగా కనిపెట్టడం ఎందుకు? కోట్‌పాడ్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో వచ్చింది. అలాంటి సరుకు అమ్మేవాళ్లు ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగి జవాబు రాయమంటే, వచ్చిన పది జవాబులూ ఆ తెరిచిన లెక్కకంటే ఎక్కువ చెప్తాయి.

బొమ్మ పొదిగేటప్పుడు దాని వెనక రాసే వివరణ గురించి ఒక మాట. ఆల్ట్ టెక్స్ట్ అంటారు దాన్ని. బొమ్మ కనబడనివాళ్లకు అదే బొమ్మ. చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా ఫోన్ పెట్టిన ఐఎంజీతో మొదలయ్యే ఫైలు పేరే ఉండిపోతుంది. నియమగిరి డోంగ్రియా కోంధు స్త్రీలు కుట్టే కపడాగండా శాలువకు కూడా 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ఫోటో పెడుతున్నారనుకోండి. అందమైన శాలువ అని రాస్తే ఏమీ రాయనట్టే. ముతక తెల్లబట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలూ గీతలూ కుట్టిన శాలువ అని రాయండి. ఫోటో తీసేటప్పుడు కూడా మొత్తం శాలువ ఒకటి, కుట్టు దగ్గరగా ఒకటి తీయండి. జేపీజీ వెలుగును జాగ్రత్తగా దాస్తుంది, రంగును పొదుపు చేస్తుంది. తెల్లబట్ట మీద సన్నటి ఎర్రదారం చిన్న ఫోటోలో అలుక్కుపోయేది అందుకే. దగ్గరగా తీసిన దాంట్లో దారం దారంగా కనబడుతుంది. కుట్టిన మనిషి ముఖం ఆమె సరేనంటేనే పెట్టండి. శాలువ అమ్మడానికి ఆ ముఖం అక్కర్లేదు.

నా వాదనకు లొంగని చోటు ఒకటి ఉంది. రాయగడ జిల్లాలో గుణుపూర్ వైపు సవరలున్నారు. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే వాళ్ల భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. సవర భాషను తెలుగు అక్షరాల్లో రాసేవాళ్లున్నారు, ఒడియాలో రాసేవాళ్లున్నారు, రోమన్‌లో రాసేవాళ్లున్నారు. 1936లో మంగేయ్ గొమాంగో ఆ భాషకంటూ సొంత లిపి చేశారు, సోరాంగ్ సోంపెంగ్ అని. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. కానీ యూనికోడ్‌లో ఉండటం వేరు, చేతిలోని ఫోన్లో ఫాంట్ ఉండటం వేరు. మనకు ఒకప్పుడు కనబడిన డబ్బాలే వాళ్లకు ఇప్పటికీ కనబడే అవకాశముంది. ఇస్కీ వరసలో లేని లిపి కనుక 256 లెక్క కూడా దీనికి పనికిరాదు. ఇలాంటప్పుడు మాటల్ని బొమ్మగా పంపడం తప్పు కాదు, గౌరవం. సవరలకు కూడా ఉత్తరం పంపే సంస్థలు సోరాంగ్ సోంపెంగ్‌లో రాసినదాన్ని బొమ్మగా పైన పొదగాలి. కింద అవే సవర మాటల్ని తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఒడియా అక్షరాల్లో ఒకసారి ఇవ్వాలి. ఫాంట్ ఉన్నవాళ్ల కోసం, రేపు ఫాంట్ వచ్చేవాళ్ల కోసం, ఆ లిపిలోనే అక్షరాలుగా కూడా చివర్లో పెట్టాలి. పేజీ పొడుగు వార్త అయినా మొత్తం ఉత్తరం 200 కిలోబైట్లు దాటదు.